ఊట దగ్గర ఉప్పు
(అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సభలలో "సంఘము – ఆరోగ్య పరిచర్య" అను అంశముపై చేసిన ప్రసంగ పాఠము)



ఈ అంశముమీద మాట్లాడమని పెద్దలు నన్ను అడిగినప్పుడు, ఒక డాక్టరుగారిని పిలిస్తే బాగుండునేమో అన్నాను. "డాక్టర్లు ఆసుపత్రిని గురించి చెబుతారు, మీరు సంఘమును గురించి చెప్పండి" అన్నారు. అందుచేత మందులను గురించి కాక, మందు అవసరము రాకముందు సంఘము చేయవలసిన పనిని గురించి మనవి చేస్తాను.

మన ధ్యానమునకు రాజుల రెండవ గ్రంథము 2వ అధ్యాయము 19 నుండి 22 వరకు గల వచనములను తీసుకొందాము. యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్త దగ్గరకు వచ్చారు. ఊరు చూడటానికి బాగానే ఉన్నది గాని నీళ్లు మంచివి కావు, ఆ నేలమీద గర్భములు నిలవటము లేదు అని మొర పెట్టుకొన్నారు. ప్రవక్త ఏమి చేశాడో గమనించండి. రోగులను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి తలమీద చేయి ఉంచలేదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు ఓదార్పు చెప్పి పంపివేయలేదు. ఒక కొత్త పాత్రలో ఉప్పు వేసి తెమ్మన్నాడు. ఊరివారే తెచ్చారు. ఆయన నీటి ఊట దగ్గరకు నడిచి వెళ్లి, ఆ ఉప్పును అక్కడ వేసి, దేవుని పేరట మాట పలికాడు. నీళ్లు బాగుపడ్డాయి.

ఇందులో మూడు సంగతులు ఉన్నాయి. ప్రవక్త రోగము పుట్టేచోటికి వెళ్లాడు. వంటింట్లో దొరికే వస్తువును వాడాడు. ఆ వస్తువును ఊరివారి చేతనే తెప్పించాడు. ఈ మూడింటిని పట్టుకొని మన అడవి అంచు సంఘముల వైపు చూద్దాము.

మొదట మన పూర్వికులను తలచుకోవాలి. 1860 ప్రాంతములో గోదావరి నదిమీద పడవలు నడిపించుటకు దుమ్ముగూడెము దగ్గర ఆనకట్ట పనులు జరుగుతున్న కాలములో, ఇంజనీరుగా ఉన్న హేగ్ దొరగారు కోయవారిని చూచి, వీరికి సువార్త చెప్పేవారెవరని ఆరాటపడ్డారు. ఆయన దగ్గర ఉద్యోగము చేస్తూ క్రీస్తును అంగీకరించిన వెంకటరామరాజుగారు ఉద్యోగమును విడిచి ఆ పనికి పూనుకొన్నారు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు ఎన్నో ఏండ్లు ఆ మన్యములోనే ఉండి, కోయవారి భాషను, ఆచారములను తెలుసుకొని వ్రాశారు. నదిమీద పడవల పథకము 1871లో ఆగిపోయింది గాని సువార్త పని ఆగలేదు. ఆ మన్యపు జ్వరములకు భయపడి ఉంటే ఈనాడు ఆ ఒడ్డున మన సంఘములు ఉండేవి కావు.

ఆ తరువాత 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు అభిషేకము పొంది డోర్నకల్ మొదటి బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావటము అదే మొదలు. ఆయన చేతులమీదుగా బాప్తిస్మము పొందినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల నివసించిన పేదలు. బాప్తిస్మముతో పాటు శుభ్రత, చదువు, కల్లు సారాయిల విసర్జన కూడ నేర్పించిన పరిచర్య అది. కాబట్టి నేను ఈ దినము చెప్పబోయేది కొత్త ఉపదేశము కాదు. మన తాతలు ఎరిగినదే, మధ్యలో మనము మరచినది.

ఎలా మరచిపోయాము? మిషన్ ఆసుపత్రుల వలన దేవుని పేరు మహిమపరచబడింది. కాన్పు కష్టమైన తల్లులు, పాము కరచినవారు, కుష్ఠు రోగులు అక్కడ ప్రాణము పోసుకొన్నారు. ఆ ఋణము తీర్చలేనిది. అయితే ఆరోగ్యము అంటే ఆసుపత్రి అనే అభిప్రాయము మనలో పాతుకొనిపోయింది. రోగము వస్తే ఆసుపత్రి చూచుకొంటుంది, సంఘము ప్రార్థన చేస్తుంది, మధ్యలో మన పని ఏమీ లేదనుకొన్నాము.

ఈ లోపము మనది మాత్రమే కాదు. 1964లో జర్మనీ దేశములోని ట్యూబింగెన్‌లో సంఘముల వైద్య పరిచర్యను గురించి ఒక ఆలోచన సభ జరిగింది. 1968లో ప్రపంచ సంఘముల మండలి క్రైస్తవ వైద్య కమిషన్‌ను స్థాపించింది. ఆ కాలములో లెక్క తీసి చూస్తే, సంఘములు చేస్తున్న వైద్య పనిలో నూటికి 95 వంతులు రోగము వచ్చిన తరువాత చేసే చికిత్సే. ఆసుపత్రిలో చేరేవారిలో కనీసము సగముమంది రాకుండా ఆపగలిగిన జబ్బులతోనే వస్తున్నారు. నయమై ఇంటికి వెళ్లి, అవే నీళ్లు త్రాగి, అదే జబ్బుతో మళ్లీ వస్తున్నారు. అంటే పాత్ర నిండా ఉప్పు ఉన్నది గాని, ఊట దగ్గరకు ఎవరూ వెళ్లటము లేదన్నమాట. పది సంవత్సరముల తరువాత, 1978 సెప్టెంబరులో ఆల్మా ఆటాలో అనేక ప్రపంచ దేశములు కూడి, ఆరోగ్యము ప్రజల గడప దగ్గర మొదలు కావాలని ప్రకటించాయి. ఆ ప్రకటన వెనుక ఈ క్రైస్తవ కమిషన్ వారి ఆలోచన కూడ ఉన్నదని మనము సంతోషముతో చెప్పుకోవచ్చును.

ఆ ఆలోచనకు మన దేశములోనే ఒక సాక్ష్యమున్నది. వెల్లూరులో చదివిన రజనీకాంత్ ఆరోలె, మేబెల్ ఆరోలె అనే డాక్టరు దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అనే కరువు ప్రాంతమునకు వెళ్లారు. పెద్ద ఆసుపత్రి కట్టి రోగుల కొరకు ఎదురుచూడలేదు. గ్రామస్థులతో కూర్చొని, ఊరికి ఒక స్త్రీని ఎన్నుకోమన్నారు. ఆ స్త్రీలలో అనేకులకు చదువు రాదు, అనేకులు దళితులు. వారికే కాన్పులు చూచుట, నీటిని శుభ్రపరచుట, బిడ్డను తూచుట నేర్పించారు. 1971లో ఆ గ్రామములలో పుట్టిన వెయ్యిమంది శిశువులలో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1993 నాటికి ఆ సంఖ్య 19కి దిగింది. ఊరు ఎవరిని అంటరానిదని దూరముగా నిలబెట్టిందో, ఆ స్త్రీ చేతిలోనే ఊరి పిల్లల ప్రాణములు నిలిచాయి. సువార్తను ఇంతకంటె స్పష్టముగా చెప్పగలమా?

ఇక మన ప్రాంతమునకు వద్దాము. ఇల్లెందు, కొత్తగూడెము, బూర్గంపాడు మొదలు భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల వరకు మన సంఘములున్నాయి. కోయ గూడేలలో ఉన్నాయి, పల్లెలలో ఉన్నాయి. ఇక్కడ మన ఊటలు ఏవి? నాలుగు చెబుతాను.

మొదటిది నీరు. వేసవిలో బోరు ఎండిపోతే వాగు ఇసుకలో చెలమ తీసి ముంచుకొంటాము. వానకాలములో గోదావరి పొంగితే బావులు, బోర్లు మునిగిపోతాయి. 1986లో భద్రాచలము దగ్గర నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. వరద తీసిన తరువాత వచ్చే వాంతులు విరేచనములు వరదకంటె నెమ్మదిగా వచ్చి, వరదకంటె చిన్నవారిని పట్టుకొంటాయి. దీనికి కూడ ఉప్పే మందు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనబిస్‌గారు ఉప్పు, చక్కెర మొదలైనవి కలిపిన నీళ్లను తల్లుల చేతనే త్రాగించి, నూటికి 30 వరకు ఉన్న మరణములను నాలుగు లోపునకు దించారు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మన సండే స్కూలు పిల్లలకు వాక్యములు కంఠస్థము చేయిస్తున్నాము. ఈ కొలత కూడ చేయించకూడదా?

నీటిని గురించి మరొక మాట. పెద్దవారికి నారి కురుపు జ్ఞాపకము ఉండే ఉంటుంది. కాలిలోనుండి దారమువంటి పురుగు బయటికి వచ్చేది. దానికి మందు లేదు, టీకా లేదు. దిగుడు బావులను చేదబావులుగా మార్చి, గుడ్డతో నీటిని వడపోసి, కురుపు ఉన్నవారిని నీటిలో దిగనీయక ఆ రోగమును దేశము నుండి వెళ్లగొట్టారు. 1996లో ఆఖరు రోగి కనిపించాడు. 2000 సంవత్సరములో దేశము విముక్తి పొందినట్లు ప్రకటించారు. ఒక్క మందు బిళ్ల లేకుండా ఒక రోగము పోయింది. గుడ్డ పట్టిన చేతులు ఇంటి ఇల్లాండ్రవి.

రెండవది దోమ. మన ఏజెన్సీ చలిజ్వరము సంగతి మీకు చెప్పనక్కరలేదు. 1953లో దేశములో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని అంచనా. ఇళ్లలో డి.డి.టి. చల్లుట వలన 1965 నాటికి అది సుమారు లక్షకు దిగింది. గెలిచామనుకొని అందరూ ఏమరుపాటు పడ్డారు. 1976లో మళ్లీ 64 లక్షలకు పెరిగింది. నివారణ అనేది ఒకసారి చేసి చేతులు దులుపుకొనే పని కాదని ఈ లెక్క చెబుతున్నది.

ప్రభుత్వము మందు చల్లుతుంది, దోమతెరలు ఇస్తుంది. కాని పండుగ వచ్చినదని మందు చల్లిన గోడమీద వెంటనే ఎర్రమట్టి పూస్తే, ఆ మందు మట్టి క్రింద పడిపోతుంది. దోమతెరను వాగులో చేపలకు వేస్తే, చేపలు దొరుకుతాయి గాని బిడ్డకు జ్వరము తప్పదు. తెర ఇచ్చుట ప్రభుత్వము పని. ఆ తెర రాత్రి మంచము చుట్టూ కట్టబడినదా లేదా అని చూచుట పొరుగువాని పని. క్రిస్మసుకు ముందు గోడలకు సున్నము, మట్టి పూసేవారము మనమే గనుక, మందు ఎప్పుడు చల్లుతారో తెలుసుకొని, గోడల పని దానికి ముందే ముగించమని పాస్టరు వేదికమీద నుండి ఒక్క ప్రకటన చేస్తే, అది ఎంతో మేలు చేస్తుంది.

మూడవది రక్తము. గిరిజన సహోదరులలో సికిల్ సెల్ అనే రక్త వ్యాధి తరతరములుగా వస్తున్నది. తల్లిదండ్రులిద్దరిలోను ఆ లక్షణము దాగి ఉంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశము నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఇద్దరూ పైకి ఆరోగ్యముగానే కనిపిస్తారు. ఎముకల నొప్పులతో మెలికలు తిరిగే బిడ్డను చూచి, ఎవరో చేతబడి చేశారని, దయ్యము పట్టినదని వడ్డె దగ్గరకు తీసుకొనిపోతారు. మనవారు కూడ ఇది ఫలానా పాపమునకు శిక్ష అంటారు. పుట్టు గ్రుడ్డివానిని గురించి శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ మాటను త్రోసివేశాడని యోహాను సువార్త 9వ అధ్యాయములో చదివి కూడ అంటారు. 2023 జులై 1న భారత ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించింది. 2047 నాటికి ఈ వ్యాధిని లేకుండా చేయాలని సంకల్పము.

ఇక్కడ పాస్టరుకు ఉన్న అవకాశము డాక్టరుకు కూడ లేదు. మన సంఘములో పెండ్లికి ముందు మూడు ఆదివారములు ప్రకటన చదువుతాము. దానికి ముందు వధూవరులను కూర్చోబెట్టి మాట్లాడుతాము. ఆ మాటలలో రక్త పరీక్షను గురించి కూడ ఎందుకు చెప్పకూడదు? పెండ్లి ఆపుటకు కాదు, ఎవరినీ అవమానించుటకు అంతకన్నా కాదు. తెలిసి అడుగు వేయుటకు. ఆ చీటీ రహస్యముగా వారి చేతిలోనే ఉండాలి. ఆడపిల్లకు ఒక న్యాయము, మగపిల్లవానికి ఒక న్యాయము ఉండకూడదు.

నాలుగవది ఆకలి, మత్తు. గర్భిణికి రక్తము లేదు. బిడ్డకు బరువు లేదు. పెరటిలో మునగచెట్టు ఉంటుంది గాని ఆకు మేకలకు పోతుంది. మన తాతలు తిన్న జొన్నలు, సామలు, కొర్రలు పోయి, తెల్లని బియ్యము మాత్రమే మిగిలింది. వచ్చిన కూలిలో కొంత సారా దుకాణమునకు పోతుంది. ఈ ఊట దగ్గర ఉప్పు వేయుటకు మందు బిళ్లలు చాలవు. ఆ పని స్త్రీల మైత్రి చేయవలసినదే.

ఇప్పుడు మీ మనస్సులలో ఉన్న ప్రశ్నలకు వస్తాను.

ఇది ప్రభుత్వము పని కదా అంటారు. అవును, ప్రభుత్వము పనే. 2005 తరువాత ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు, అంగన్‌వాడీలు ఉన్నాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు ఉన్నాయి. వారికి పోటీగా మనము మరొకటి పెట్టనక్కరలేదు. వాగు దాటి వచ్చిన ఆశా కార్యకర్తకు కూర్చొనుటకు ప్రార్థన మందిరపు వరండా ఇద్దాము. టీకాల దినమును ఆరాధనలో ప్రకటిద్దాము. రావలసిన మందులు రాకపోతే పది సంతకములతో అర్జీ పెడదాము. అడుగుట కూడ పరిచర్యయే.

వాక్య పరిచర్య మరుగున పడదా అంటారు. మోషే ధర్మశాస్త్రమును చూడండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, కొత్త ఇల్లు కట్టితే పైకప్పునకు పిట్టగోడ కట్టమని దేవుడు ఆజ్ఞాపించాడు, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటివానిదే. 23వ అధ్యాయములో, పాళెము వెలుపల గుంట త్రవ్వి మలమును కప్పివేయమన్నాడు. పడిన తరువాత కట్టు కట్టుట మాత్రమే కాదు, పడకుండ గోడ కట్టుట కూడ దేవుని ఆజ్ఞయే.

ఆసుపత్రి వద్దా అంటారు. వద్దని నేను అనను. మార్కు సువార్త 2వ అధ్యాయములో పక్షవాయువు గలవానిని మోసిన నలుగురివలె, మన గూడేలలో ఈనాటికీ రోడ్డు లేనిచోట నలుగురు డోలీ కట్టి గర్భిణిని మోస్తున్నారు. ఆ నలుగురి చివర ఒక ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలి. అయితే ఆ నలుగురు మోయవలసిన అవసరము ఏటేటా తగ్గాలి కదా!

అసలు అడ్డంకి వీటిలో ఏదీ కాదని నాకు తోస్తున్నది. ఆసుపత్రి కడితే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకము ఉంటుంది, ఫోటో ఉంటుంది. బ్రతికిన రోగి వచ్చి చేతులు జోడిస్తాడు. రాని జ్వరమునకు ఎవరు కృతజ్ఞతలు చెబుతారు? చనిపోని బిడ్డను గురించి సాక్ష్యము చెప్పేదెవరు? దోమతెర క్రింద నిద్రపోయిన పిల్లవాడు, తాను ఏమి తప్పించుకొన్నాడో ఎన్నటికీ ఎరుగడు. నివారణ అంటే ధన్యవాదము రాని మేలు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు శిష్యులకు ఇటువంటి పని కష్టము కాకూడదు. కాని మనకు కష్టముగానే ఉన్నది. నూరేండ్ల పండుగకు గుర్తుగా ఒక కమాను కట్టించుట సులభము. నూరు చెలమలకు గట్టు కట్టించుట కష్టము, ఆ గట్టుమీద ఎవరి పేరూ వ్రాయరు గనుక.

చివరకు మూడు మనవులు.

ఒకటి, తోటి గురువులకు. ప్రతి పాస్టరేటులోను భూస్థాపనల రిజిస్టరు ఉన్నది. దానిని ఈ వారములో తీసి, గత ఇరవై ఏండ్ల పుటలు చదవండి. పేరు ప్రక్కన వయస్సు చూడండి, నెల చూడండి. ఐదేండ్ల లోపు పిల్లలు ఎందరు, వానకాలములో పోయినవారు ఎందరు, కాన్పులో పోయిన తల్లులు ఎందరు అని వేరుగా వ్రాయండి. ఆ కాగితమును పాస్టరేటు కమిటీ ముందు పెట్టండి. మన ఊట ఎక్కడ చెడినదో అదే చెబుతుంది. అంతకంటె పెద్ద సర్వే మనకు అక్కరలేదు.

రెండు, సంఘ పెద్దలకు. ప్రతి గ్రామ సంఘము ఒక స్త్రీని ఎన్నుకోవాలి. చదువు కాదు, ఊరు నమ్మేదా కాదా చూడండి. ఆమెకు ఆరోగ్య కేంద్రములో తర్ఫీదు ఇప్పించి, పంట కానుకలలో ఒక భాగము ఆమె ఖర్చులకు కేటాయించండి. పెద్దల కమిటీలో ఆమెకు కుర్చీ వేయండి, నేలమీద చాప కాదు.

మూడు, అందరికీ. 2005 తరువాత సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలము వలన ఇళ్లు విడిచి వచ్చిన గుత్తికోయలు మన అడవులలో గూడేలు వేసుకొని ఉన్నారు. వారిలో ఎక్కువమంది మన సంఘ సభ్యులు కారు. మన రిజిస్టరులో వారి పేర్లు లేవు, అనేకులకు ఏ రిజిస్టరులోను లేవు. వారి బిడ్డకు టీకా లేకపోతే మనకేమి అనవద్దు. వారి చెలమను కుట్టని దోమ, మన గడప అడగదు. అంతకంటె ముఖ్యమైన సంగతి, యెరికో ఊటను బాగుచేసిన ఎలీషా, ఆ నీళ్లు త్రాగేవారు ఎవరి సంఘమువారని అడుగలేదు.

కొత్త పాత్ర తెమ్మని ప్రవక్త మనలను అడుగుతున్నాడు. ఉప్పు మన ఇంట్లోనే ఉన్నది. ఊటకు దారి మనకు తెలుసు. ఈ నూరేండ్లు మనలను నడిపించిన దేవుడు, మనము వేసే ఆ పిడికెడు ఉప్పును ఆశీర్వదించి, మన తరువాతి నూరేండ్లలో మన గూడేల తల్లులు తమ బిడ్డలు పెరిగి పెద్దవారగుట చూచే భాగ్యమును అనుగ్రహించును గాక. ఆమేన్.